మూసీ వెంట చెరువులు: ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

చెరువు బాగుపడిందో లేదో తెలియాలంటే గేటు దగ్గర కాదు, నాలా వచ్చి కలిసే మూల దగ్గర నిలబడి చూడాలి. నేనూ మా తమ్ముడూ తిరిగిన ప్రతిచోటా అదే చేశాం. ఈ రాతలో మార్కులన్నీ ఆ లెక్కనే వేశాను.

మొదట అనంతగిరి, ఎందుకంటే మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. వికారాబాద్ దాకా రైలు, అక్కణ్నుంచి ఆటో, ఇబ్బందేం లేదు. మేం దిగిన రిసార్టులో గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, కానీ అర్ధరాత్రి దాకా డీజే మోగుతూనే ఉంది, అదీ అడవి అంచున! రిసెప్షన్‌లో అడిగితే "వీకెండ్ కదా సార్" అన్నారు. పక్షుల కోసం వెళ్లేవాళ్లు శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజుల్లో వెళ్లండి.

అక్కణ్నుంచి కిందికి దిగితే గండిపేట. 1908 వరద హైదరాబాద్ నగరాన్ని ముంచాక మూసీ మీద ఇక్కడే ఉస్మాన్ సాగర్ కట్టారు, 1920లో పూర్తయింది. మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది. నగరం ఇంత దగ్గరికి వచ్చినా ఈ రెండూ ఇంకా చెరువుల్లా ఉన్నాయంటే ఎగువన నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111 చలవే. 2022లో జీవో 69తో దాన్ని సడలించారు. నాకైతే అదే పెద్ద టెన్షన్, పైన నేలంతా కాంక్రీటైతే వాన ఇంకదు, మురుగు మాత్రం తప్పకుండా దిగుతుంది, అప్పుడు కింద ఎన్ని కోట్లు పెట్టి పూడిక తీసినా ఏం లాభం?

నేను ఎక్కువసేపు ఉన్నది మణికొండ పక్కన నెక్నాంపూర్ దగ్గర. 2018లో ఇక్కడ దాదాపు మూడు వేల చదరపు అడుగుల తేలే మొక్కల దిబ్బ వేశారు. థర్మాకోల్, వెదురు, గోనెసంచుల మీద వట్టివేరు, జమ్ము, మెట్టతామర లాంటివి నాటడం, వేళ్లు నీళ్లలోకి వేలాడేలా చూడటం, ఇంతే సంగతి. ఆ వేళ్లకు పట్టే సూక్ష్మజీవులు మురుగును తింటాయి, నైట్రేట్లు, ఫాస్ఫరస్ మొక్క పీల్చుకుంటుంది. కానీ పెరిగిన ఆకును ఎప్పటికప్పుడు కోసి బయట పడేయకపోతే అది కుళ్లి, తిన్నదంతా మళ్లీ చెరువుకే ఇచ్చేస్తుంది. నాటిన రోజు ఫొటోలకు అందరూ వస్తారు, కోసే పని ఏడాది పొడవునా ఎవరో ఒకరు చెయ్యాలి. గట్టు పక్కన జమ్ములో ఒక బుడబుంగ పిట్ట మునిగి ఎక్కడ తేలుతుందో అని చూస్తుంటే, దానికి కాస్త అవతలే నురగ, పాల ప్యాకెట్ కవర్లు, గుర్రపు డెక్క. ఇక్కడ టాయిలెట్, టీ వంటివి ఆశించకండి.

దుర్గం చెరువు దీనికి పూర్తిగా తిరగేసి. మెట్రో స్టేషన్ ఉంది, నడక దారి, కేబుల్ బ్రిడ్జి, లైట్లు అన్నీ ఉన్నాయి, పెద్దవాళ్లను, పిల్లలను తీసుకెళ్లడానికి ఇదే హాయి. పక్షులు మాత్రం తక్కువ. ఒడ్డున బురద, గడ్డి లేకుండా రాయి, సిమెంటు పేరిస్తే కొంగ ఎక్కడ దిగుతుంది? రాత్రంతా వెలుగుంటే గూడెక్కడ కడుతుంది? దీన్ని పునరుద్ధరణ అనడానికి నాకు మనసొప్పలేదు. పార్కు అనండి, ఒప్పుకుంటాను.

అంబర్‌పేట బతుకమ్మ కుంట చిన్నదే, అయినా వెళ్లండి. మట్టి, చెత్త కింద పూడిపోయిన కుంటను తవ్వితే నీళ్లు ఊరాయి, 2025లో మళ్లీ కుంట అయింది. చుట్టూ ఇళ్లే, అరగంటలో చూసేయొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు అమీన్‌పూర్‌కి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నగర ప్రాంతపు చెరువుకు దేశంలో ఆ గుర్తింపు రావడం అదే మొదలు. మియాపూర్ మెట్రో దిగి ఆటోలో వెళ్లొచ్చు. చలికాలంలో, ఎండ ముదరకముందే చేరుకోండి, బైనాక్యులర్, మంచినీళ్లు వెంట ఉండాలి. బస మియాపూర్ వైపే చూసుకుంటే నయం. మేం మణికొండలో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, గది బాగుంది కానీ తెల్లవారుజామున క్యాబ్‌లు రెండుసార్లు క్యాన్సిల్ అయ్యాయి, చేరేసరికి ఎండెక్కింది.