కుక్కల కీళ్లకు ‘స్టెమ్ సెల్’ సూది అంటున్నారా? డబ్బు కట్టేముందు సీసా చూడండి

లాబ్రడార్ మెట్లెక్కలేకపోతోందనో, జర్మన్ షెపర్డ్ వెనకకాళ్లు ఈడుస్తోందనో తీసుకెళ్తే, ‘ఒక్క సూదితో కీలు కొత్తదవుతుంది’ అని నమ్మబలికి వేలకు వేలు గుంజేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. అసలు వైద్యం బూటకమేమీ కాదు. ఐరోపాలో 2019లోనే గుర్రాల కీళ్లవాపుకు మూలకణాల (స్టెమ్ సెల్స్, వేరే రకం కణాలుగా మారగలవి) మందుకు అనుమతి వచ్చింది. అనుమానమంతా ఇక్కడ థర్మాకోల్ పెట్టెలో వచ్చే సరుకు మీదే.

ఆ పెట్టె ఎలా ఉంటుందో చూడండి. లోపల రెండు జెల్ ప్యాకులు, మధ్యలో చిన్న సీసా. లేబుల్ మీద పెద్దక్షరాల్లో ‘స్టెమ్ సెల్ థెరపీ’ అని ఉంటుంది. కణాలెన్ని, ఎవరి నుంచి తీసినవి, బ్యాచ్ నంబరేమిటి అన్నవి ఉండవు. గడువు మాత్రం ఏడాది! దొంగతనం అక్కడే దొరికిపోతుంది. ద్రవంగా వచ్చే బతికున్న కణాలు మామూలు ఫ్రిజ్‌లో ఏడాది నిలవవు. వాటి గడువు గంటల్లోనో రోజుల్లోనో ముగుస్తుంది. ఏళ్ల తరబడి నిలవాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉండాలి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది. ఆ చలిలో మంచు పలుకులు కణం పొరను చీల్చేస్తాయి. పొడి రూపంలో వచ్చి సెలైన్‌లో కలిపేదైతే ఇక చెప్పక్కర్లేదు, అందులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. నోట్లో వేసే చుక్కలదీ అదే కథ.

గేదెలకు చూలు సూది వేసే గోపాలమిత్ర దగ్గర నైట్రోజన్ క్యాను చూసే ఉంటారు. మూత తీస్తే తెల్లటి పొగ కమ్ముతుంది, వీర్యపు స్ట్రా అందులోంచే బయటికొస్తుంది. ఎద్దు వీర్యానికి ఉన్నపాటి జాగ్రత్త, అంత ఖరీదు పెట్టే కణాలకు లేకపోతే ఎట్లా? మే నెల ఎండలో శంషాబాద్ నుంచి కొంపల్లి దాకా బైకు మీద జెల్ ప్యాకుల్లో వచ్చిన సీసాలో ఏం మిగులుతుందో ఊహించుకోండి.

గడ్డకట్టించిన కణాలను కరిగించేది మీ ఎదుటే జరగాలని అడగండి. 37 డిగ్రీల నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు చాలు. గడ్డకట్టేటప్పుడు కణాలు చావకుండా కలిపే రసాయనం డీఎంఎస్‌ఓ కరిగిన తర్వాత వాటికే విషం, కాబట్టి ఆలస్యం పనికిరాదు. తర్వాత ఒక చుక్కలో ట్రిపాన్ బ్లూ అనే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూడమనండి. చచ్చిన కణం నీలంగా మారుతుంది, బతికినది రంగు పీల్చదు. పది నిమిషాల పని. బతికినవి 70 శాతం లోపుంటే సూది వద్దని చెప్పండి. ‘మా దగ్గర ఆ సౌకర్యం లేదండీ’ అంటే చెక్కు చింపేసి రావచ్చు.

ఇంకో లెక్క. ‘ఉదయం మీ కుక్క కొవ్వు తీస్తాం, సాయంత్రానికి కోటి మూలకణాలు ఎక్కిస్తాం’ అంటారు. ఒకే రోజులో చేసేదేమిటంటే, కొవ్వును కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించి, గిర్రున తిప్పే యంత్రం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం. అడుగున చేరేది రకరకాల కణాల కలగలుపు, అందులో మూలకణాలు నూటికి కొన్నే. వాటిని కోటి చేయాలంటే ల్యాబ్‌లో రెండు మూడు వారాలు పెంచాలి. రెండూ ఒకేరోజు కుదరవు. రక్తం తీసి అదే యంత్రంలో తిప్పి ఎక్కించేది పీఆర్‌పీ, అందులో ఉండేవి మూలకణాలు కావు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు. దానికీ ఉపయోగం ఉండొచ్చు, కానీ స్టెమ్ సెల్ ధర కట్టే పని లేదు.

సూది వేశాక రెండో రోజే కుక్క గంతులేస్తే సంబరపడకండి. మూలకణాల ఫలితం వారాల మీద, మెల్లగా కనిపిస్తుంది. రెండు రోజుల్లో కుంటు మాయమై, గిన్నెడు నీళ్లు గటగటా తాగుతూ, రాత్రిళ్లు ఇంట్లో మూత్రం పోస్తుంటే సీసాలో స్టిరాయిడ్ కలిసిందని అనుమానించాలి. నొప్పి తెలియక పరిగెత్తితే కీలు ఇంకా అరుగుతుంది. స్టిరాయిడ్ పదేపదే ఎక్కిస్తే కీలులోని మెత్తటి ఎముక (మృదులాస్థి) కూడా దెబ్బతింటుంది.

అసలు కుంటు ఎందుకో తేల్చకుండా సూది దాకా వెళ్లడమే పెద్ద తప్పు. మన దగ్గర పిడుదుల బెడద ఎక్కువ. వాటి కాటుతో వచ్చే టిక్ ఫీవర్‌లోనూ కీళ్లు వాచి కుక్క కుంటుతుంది. ముందు రక్తపరీక్ష చేయించండి. చాలావరకు డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ 28 రోజుల కోర్సుతో తగ్గే జబ్బది, ఖర్చు వందల్లోనే. మోకీలులో ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్ పూర్తిగా తెగితే తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారిపోతుంటుంది. మత్తిచ్చి చేత్తో లాగి చూస్తే డాక్టరుకు తెలుస్తుంది. దానికి ఆపరేషన్ కావాలి, ఎన్ని కోట్ల కణాలు పోసినా ఆ జారుడు ఆగదు. తుంటి కీలుకు మత్తులో తీసిన ఎక్స్‌రే లేకుండా మాట్లాడొద్దు. ఒంట్లో క్యాన్సర్ గడ్డ ఉన్న జంతువుకు ఈ వైద్యం అసలే వద్దు. నారాయణగూడ పశువైద్యశాలలోనో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనో ఇంకో మాట అడిగాకే ముందుకెళ్లండి.

‘మనుషుల మోకాళ్లకే చేస్తున్నారు కదా’ అనేది వాళ్ల దగ్గర చివరి బాణం. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనుషులకూ ఆమోదిత వైద్యం రక్తసంబంధ జబ్బులకే ఉండేది. 2022లో మోకాలి అరుగుదలకు ఒక మందుకు అనుమతి వచ్చింది, కానీ అది మనుషులకే.

మలక్‌పేట రేసు గుర్రాల టెండన్ల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ల) సంగతి వేరు. అక్కడ అల్ట్రాసౌండ్‌లో చిరుగు చూస్తూ, దాని మధ్యలోకే సూది దించాలి. తర్వాత నెలల తరబడి కొలిచి నడిపించాలి. స్కాన్ లేకుండా కాలు తడిమి పొడిచేవాడిని లాయంలోకి రానివ్వకండి.

సూదికి ముందు వెంట్రుకలు గొరిగి, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, శుభ్రమైన గ్లవుజులతోనే చేయాలి. దూదితో స్పిరిట్ రాసి పొడిచేస్తే కీలులోకి క్రిములు పోతాయి. మొదటి రోజు రెండో రోజు కాస్త వాపు మామూలే. 48 గంటలు దాటినా కీలు కాలిపోతూ, కాలు నేలకు ఆనించకుండా, జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటితే ‘రియాక్షన్ అండీ, తగ్గిపోతుంది’ అన్న మాట వినకండి. అదే రోజు వేరే చోట కీలులోని ద్రవం తీయించి, క్రిములున్నాయో లేదో తేల్చే కల్చర్‌కు పంపండి.

బిల్లులో ‘వెల్‌నెస్ ప్యాకేజీ’ అని రాస్తే ఒప్పుకోకండి. సరుకు పేరు, బ్యాచ్, కణాల సంఖ్య, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు రాయించుకోండి. ఖాళీ సీసా మీరే తెచ్చుకోండి, లేబుల్ ఫోటో అక్కడే తీసుకోండి. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. డాక్టరు మీదైతే రాష్ట్ర పశువైద్య మండలికి రాయాలి. ఆ సీసా లేకపోతే రెండుచోట్లా మీ చేతిలో మిగిలేది ‘వెల్‌నెస్’ కాగితమే.