పాటలా, మాటలా? మా చిన్న రేడియోకి ఏది మేలు?

కావలి పక్కన మేం కొందరం కలిసి నడుపుతున్న కమ్యూనిటీ రేడియోలో కొన్నాళ్లుగా ఒకటే చర్చ. పాటలు తీసేసి పూర్తిగా టాక్ స్టేషన్‌గా మారిపోదామని సగం మంది, అలా చేస్తే ఉన్న శ్రోతలు కూడా పోతారని సగం మంది. మారిపోదాం అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక నెలపాటు పొద్దున్నించి సాయంత్రం దాకా మాటలే నడిపి చూశాక నా ఆలోచన మారింది.

మారాలనుకోవడానికి కారణం గట్టిదే. పాట కావాలంటే ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు పెట్టుకుంటున్నారు. మన ఊరి సంగతి ఫోన్లో అంత తేలిగ్గా దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రోజులకు సర్కారు ఇచ్చే భృతి జాబితాలో పేరు లేకపోతే ఎవరిని కలవాలి? కృష్ణపట్నం రేవులో మూడో నంబరు వాతావరణ హెచ్చరిక ఎగరేశారంటే అర్థమేంటి? ఇవి మనిషి నోటితో చెప్తేనే మనసుకెక్కుతాయి.

టాక్ రేడియో అనగానే కొందరు అమెరికాను చూపిస్తారు. అక్కడ పాటల శ్రోతలు ఎఫ్‌ఎంకి వెళ్లిపోవడంతో పాతరకం ఏఎం స్టేషన్లు మాటలను నమ్ముకున్నాయి. వివాదం ఉన్న విషయాల్లో భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలన్న నియమాన్ని 1987లో ఎత్తేశాక రాజకీయ చర్చలు ఊపందుకున్నాయి. మనకు ఆ దారి లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎం గానీ కమ్యూనిటీ రేడియో గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను మార్చకుండా వినిపించుకోవచ్చు అంతే. అయితే వాతావరణం, కరెంటు, నీళ్లు, పరీక్షలు, ఉద్యోగాలు, తుఫాను హెచ్చరికలు వార్తల కిందికి రావు. మా చుట్టుపక్కల వాళ్లకు రోజూ కావాల్సినవి ఇవే కాబట్టి నిబంధన మాకేమీ అడ్డం కాలేదు.

అడ్డమైంది వేరే. పాట నాలుగు నిమిషాలు తనంతట తానే నడుస్తుంది. గంట మాటలకు మాకు ఒక రోజంతా పట్టేది. మనిషిని పట్టుకోవాలి, వాళ్ల ఊరికి వెళ్లాలి, రికార్డు చేయాలి, కోయాలి. రెండో వారానికే చెప్పిందే చెప్పడం మొదలుపెట్టాం. శ్రోతకు అది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకొకటి నేను టీ కొట్టులో నిలబడి నేర్చుకున్నాను. పాటను మధ్యలో విన్నా పాటే. మాటలు అలా కాదు, మొదలు వినకపోతే ఎవరు మాట్లాడుతున్నారో, దేని గురించో తెలియదు. పశువుల డాక్టరు గాలికుంటు జబ్బు గురించి మంచి విషయాలే చెప్తున్నారు. టీ కొట్టాయన ఒక చేత్తో పాలు తిరగబోస్తూనే రెండో చేత్తో రేడియో మార్చేశాడు. "ఏంది సామీ, పొద్దున్నే ఈ ఉపన్యాసం?" అన్నాడు. ఆయనకు రెండు గేదెలున్నాయి! ప్రతి ఐదు నిమిషాలకొకసారి "మాట్లాడుతున్నది ఫలానా డాక్టరు గారు, విషయం గాలికుంటు" అని చెప్పి ఉంటే ఆ చెయ్యి ఆగేదేమో.

ఫోన్ కార్యక్రమం మాత్రం ప్రాణం పోసింది, భయమూ పెట్టింది. కొన్ని సెకన్లు ఆలస్యంగా వినిపించే పరికరం మా దగ్గర లేదు. ఒకాయన పొలం గొడవలో ఎదుటి మనిషి పేరు ఎత్తబోతుంటే గబుక్కున గొంతు తగ్గించేశాను, చెయ్యి వణికింది. ఇంకోరోజు ఒక రొయ్యల రైతు ఫోన్ చేశాడు. వెనకాల ఏరేటర్ల హోరు, అంటే చెరువు నీళ్లకు గాలి పట్టించే యంత్రాల చప్పుడు. కాస్త పక్కకి వచ్చి మాట్లాడన్నా అంటే, "ఇప్పుడే కరెంటొచ్చింది తమ్ముడూ, వదిలి రాలేను. మళ్లీ పోతే ఆక్సిజన్ పడిపోద్ది" అన్నాడు. అలాగే ప్రసారం చేశాం. ఆ హోరు విన్న తర్వాత మరో ఆరుగురు రైతులు ఫోన్ చేశారు. ఏ ఉపన్యాసానికీ అన్ని ఫోన్లు రాలేదు.

డబ్బు సంగతి చిన్నదే. గంటకు 12 నిమిషాల ప్రకటనలు వేసుకోవచ్చు, కానీ ఆ నెల అడిగినవాళ్లు తక్కువ.

అందుకని, మాటలా పాటలా అంటే, మా లాంటి చోట రోజంతా మాటలు వద్దంటాను. రోజంతా పాటలూ వద్దు. ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 7 మాటలకే ఉంచాలి, ఆ వేళలు మార్చకూడదు. రోజుకు మూడు గంటలంటే నలుగురు మనుషులతో బాగా చేయగలం. ఫోన్లు రికార్డు చేసి, విని, తర్వాత వేయాలి. ఆలస్యం చేసే పరికరం కొనేదాకా లైవ్ వద్దు. తుఫాను పట్టిన రోజు మాత్రం పాటలన్నీ ఆపేసి రాత్రింబగళ్లు మాటలే.

మామూలు రాత్రుల్లో 9 దాటాక పాటలు తీయడానికి నేను ఒప్పుకోను. ఆ వేళకి మా రేడియో ఎక్కువగా మోగేది చెరువు గట్ల మీద కాపలా గుడిసెల్లో. వాళ్లు తెల్లారేదాకా మెలకువగా ఉండాలి.