ఒంటరిగా మిగిలిన కోరీకి ఏది మేలు: కొత్త జట్టా, వేరే ఇల్లా?

"ఆరు తెచ్చాను, ఒక్కటే మిగిలింది. ఇప్పుడేం చెయ్యాలి?" ఈ మధ్య ఎవరో ఒకరు ఇది అడగని వారం లేదు. ఒకరిది నియాన్ టెట్రా, ఒకరిది టైగర్ బార్బ్, ఎక్కువమందిది కోరీ క్యాట్‌ఫిష్, అంటే ట్యాంకు అడుగున తిరిగే చిన్న మీసాల చేప. అన్నీ గుంపుగా బతికే అక్వేరియం చేపలే. మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి నా బ్రాంజ్ కోరీని (కోరీల్లో అదో రకం) పెట్టుకునే చెబుతాను. ఫైటర్ చేప ఒంటరిగానే హాయిగా ఉంటుంది, దాని గొడవ వేరు.

సంక్రాంతికి ఊరెళ్ళి వారానికి తిరిగొచ్చేసరికి ట్యాంకు నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి. మేత వెయ్యమని అప్పగించి వెళ్తే, పాపం ప్రేమకొద్దీ పూటపూటా గుప్పెడేసి వేశారట. తినని మేత కుళ్ళి నీళ్ళలో అమ్మోనియా అనే విషం పెరిగింది, ఆరింట్లో ఐదు పోయాయి. మిగిలినది పగలంతా స్పాంజి ఫిల్టర్ వెనక నక్కేది. లైటు ఆర్పాక బయటికొచ్చి, ట్యాంకు మూలన అద్దాన్ని ఆనుకుని పైకీ కిందికీ ఒకటే ఈత. "నాన్నా, అది ఎవర్ని వెతుకుతోంది?" అని మా పాప అడిగింది. ఆ మాటతోనే ఇక ఊరుకోకూడదనిపించింది.

ముందున్న దారులు మూడు: అదే జాతివి ఇంకొన్ని తేవడం, గుంపు ఉన్నవాళ్ళకి దాన్ని ఇచ్చెయ్యడం, ఉన్నవాటితోనే సర్దుకోనివ్వడం.

మూడో దారే అందరికీ నచ్చుతుంది. "ట్యాంకులో గప్పీలున్నాయిగా, తోడు అవే" అంటారు. ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. కోరీకి తోడు అంటే కంటికి కనిపించే చేప కాదు, ఒంటికి తగిలే చేప. గుంపులో ఉన్న బ్రాంజ్ కోరీలను పది నిమిషాలు చూడండి. ఒకటి కదిలే ముందు పక్కదాన్ని మూతితోనో మీసాలతోనో తడుతుంది, అదీ కదులుతుంది. కలిసి కదలడానికి ఈ తట్టుడు పనికొస్తుందని పరిశోధకులు కూడా గుర్తించారు. గప్పీని తడితే అది బెదిరి పైకి పోతుంది. ఆ తట్టుడుకి బదులిచ్చేది ఇంకో కోరీయే. ట్యాంకు బయట అద్దం పెట్టే చిట్కా కూడా అంతే. బొమ్మ కనిపిస్తుంది, ముట్టుకోదు.

ఇక అసలు పోటీ మొదటి రెండింటికే.

ఇచ్చెయ్యడాన్ని చాలామంది తప్పు చేసినట్టు భావిస్తారు. అలా అనుకోవద్దు. మీది అడుగు పొడవు ట్యాంకైతే అందులో ఆరు కోరీలు పట్టవు. ఒక్కోటి రెండున్నర అంగుళాల దాకా పెరుగుతుంది, తిరిగేదంతా అడుగునే, కాబట్టి నీళ్ళ లోతు కన్నా నేల వైశాల్యం ముఖ్యం. కనీసం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉండాలి. ఏడాదిలో ఇల్లు మారేవాళ్ళకీ, ఇక ట్యాంకు ఎత్తేద్దాం అనుకునేవాళ్ళకీ ఇచ్చెయ్యడమే సరి. కోరీలు పదేళ్ళకు పైగా బతకగలవు. ఇప్పుడు ఐదు తెస్తే అది పదేళ్ళ పని అని తెలిసి తేవాలి.

అయితే ఎవరికి ఇస్తున్నామన్నది చూసుకోవాలి. కొన్ని షాపుల్లో తిరిగి తీసుకుంటారు. కానీ అక్కడి తొట్లలోకి రోజూ కొత్త చేపలు వస్తుంటాయి, రోగాలూ వస్తాయి. పైగా "ఒక్కటి చాలు" అనే ఇంకొకరి చేతిలో పడితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఇప్పటికే ఆరేడు కోరీలు పెంచుతున్న మనిషి దొరికితే కళ్ళు మూసుకుని ఇవ్వండి. ముందురోజు మేత ఆపి, కవర్లో మూడో వంతు నీళ్ళు, మిగతా గాలి ఉండేలా కట్టి, ఎండాకాలమైతే థర్మాకోల్ పెట్టెలో పెట్టండి. వలతో పట్టొద్దు. దాని రెక్కల ముళ్ళు బిగుసుకుని వలలో చిక్కుకుంటాయి, లాగితే ఒళ్ళు చీరుకుపోతుంది. గ్లాసుతో నీళ్ళతో సహా తియ్యండి. చెరువులో మాత్రం వదలొద్దు. అలా ట్యాంకుల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు (దెయ్యం చేపలంటారే, అవి) మన చెరువుల్లో ఏం చేస్తున్నాయో జాలర్లను అడిగితే చెబుతారు.

మాది మూడడుగుల ట్యాంకు, ఎత్తేసే ఆలోచనా లేదు. అందుకే నేను మొదటి దారే పట్టాను. చోటున్న ఎవరికైనా అదే చెబుతాను. పాత చేపకి తెలిసిన నీళ్ళు, తెలిసిన మూలలు అలాగే ఉంటాయి, తోడు మాత్రం వస్తుంది.

కాకపోతే మిగతావి ఎందుకు పోయాయో తేలకుండా కొత్తవి తెస్తే, వాటినీ అదే గతికి తెచ్చినట్టే. నాకు కారణం తెలుసు. అయినా నీళ్ళ పరీక్షలో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ అనే ఇంకో విషం, రెండూ వరసగా రెండు వారాలు సున్నా చూపించాకే షాపుకి వెళ్ళాను. బ్రాంజ్ కోరీలు మూడే ఉన్నాయి. రెండు ఆల్బినోలు తీసుకున్నాను. రంగు తెలుపైనా అదే జాతి, కలిసిపోతాయి. పాండా, పెప్పర్డ్ లాంటి వేరే కోరీలు కూడా పక్కన చేరతాయి గానీ, ఎక్కువసేపు తమ జాతితోనే ఉంటాయి. తన జాతివి దొరుకుతుంటే వాటి జోలికి పోనక్కర్లేదు.

తెచ్చిన ఐదింటినీ నేరుగా ట్యాంకులో వెయ్యలేదు. ప్లాస్టిక్ టబ్బులో, పెద్ద ట్యాంకులో నెలరోజులు ఆడిన స్పాంజి ఫిల్టర్ పెట్టి (మలినాన్ని శుభ్రం చేసే బాక్టీరియా అందులో అప్పటికే చేరి ఉంటుంది), నాలుగు వారాలు విడిగా ఉంచుదామనుకున్నాను. అటు పాతది ఒంటరిగా మూలన తిరుగుతుంటే, ఇటు టబ్బులో ఐదు కలిసి ఆడుతుంటే మనసు పీకుతుంది. "ఇంకెన్నాళ్ళు, వేసెయ్యండి" అని ఇంట్లోనూ పోరు. ఆరో రోజున ఒక ఆల్బినో రెక్క మీద ఉప్పు రవ్వల్లా నాలుగు చుక్కలు కనిపించాయి. వైట్ స్పాట్ అనే అంటురోగం! తెచ్చిన రోజే కలిపేసి ఉంటే పాతదానికీ అంటేది. టబ్బులోనే మందు వేశాను, తగ్గింది. చుక్కలు పోయిన రోజు నుంచి మళ్ళీ నాలుగు వారాలు లెక్కపెట్టాను. వేరే టబ్బు పెట్టే వీలు లేకపోతే ఈ దారి వద్దని నేరుగా చెబుతాను, ఇచ్చెయ్యడమే నయం.

కలిపేది సాయంత్రం, లైట్లు ఆర్పేశాక. గ్లాసులో తీసిన చేపల్ని గిన్నెలో పెట్టి, అరగంటసేపు కొంచెం కొంచెంగా ట్యాంకు నీళ్ళు కలిపి, చేపల్ని మాత్రమే లోపలికి వదిలాను. ఆ రోజు మేత లేదు. తర్వాత వారం మేత సగమే, రోజూ అమ్మోనియా చూసుకోవడం. ఒక్క చేప మలినానికి అలవాటుపడ్డ ఫిల్టర్ మీద ఒక్కసారిగా ఆరింటి భారం పడుతుంది కదా.

మొదటి రాత్రి పాతది ఫిల్టర్ వెనకే ఉండిపోయింది. రెండోరోజు పొద్దున చిన్న బ్రాంజ్ ఒకటి ఇసుకలో మూతి పెట్టి తవ్వుకుంటూ అటుకేసి వెళ్ళింది. వెళ్ళి పాతదాని పక్కటెముకల దగ్గర మీసాలు ఆనించింది. పాతది ఉలిక్కిపడి జానెడు దూరం జరిగింది. ఆగింది. కన్ను ఒకసారి కిందికి తిప్పింది, కోరీలు కన్ను కొట్టినట్టు చేస్తాయే అలా. తర్వాత తనే వెనక్కి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం లైటు వెలుగుతుండగానే ఆరూ చెక్క కింద ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. పాతదాన్ని గుర్తుపట్టడానికి మా పాపకి కాసేపు పట్టింది.

మొన్న పెళ్ళికని ఐదు రోజులు ఊరెళ్ళాం. పెరిగిన కోరీలు అన్నాళ్ళు మేత లేకపోయినా ఉంటాయి. అందుకని ఈసారి ఎవరికీ అప్పగించలేదు, మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళాం.