గయా ఆర్కైవ్: నక్షత్రాల దూరాలు ఎంతవరకు నమ్మవచ్చు?

యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2013 డిసెంబరులో ప్రయోగించిన గయా టెలిస్కోపు కొలతలను ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవడానికి వీలు కల్పించే సేవ గయా ఆర్కైవ్. 2022 జూన్ 13న విడుదలైన మూడవ డేటా సంచికను ఆధారం చేసుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను ముందుగా వెతికింది 61 సిగ్ని నక్షత్రాన్ని. భూమి సూర్యుని చుట్టూ తిరిగే కొద్దీ, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల నడుమ రవ్వంత అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. ఆ జరుగుబాటులో సగాన్ని పారలాక్స్ అంటారు. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ ఈ నక్షత్రానికి 0.314 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) విలువ కట్టగా, గయా పట్టికలో అది 286 మిల్లీ ఆర్క్‌సెకన్లుగా, అంటే 0.286 ఆర్క్‌సెకన్లుగా ఉంది. వెయ్యిని దానితో భాగిస్తే సుమారు 3.5 పార్‌సెక్‌లు, అంటే 11.4 కాంతి సంవత్సరాలు వస్తుంది. ఆ కాలపు పరికరంతో బెసెల్ పదో వంతు తేడాలోనే ఉన్నాడంటే ఆశ్చర్యమే.

దాదాపు 146 కోట్ల నక్షత్రాలకు పారలాక్స్ ఇవ్వడం కన్నా, ప్రతి విలువ పక్కనే దాని దోష పరిమితిని కూడా ఇవ్వడం ఈ సేవలో నాకు ఎక్కువగా నచ్చింది. ప్రకాశవంతమైన వాటికి ఈ దోషం 0.02 మిల్లీ ఆర్క్‌సెకన్ల దాకా తగ్గుతుంది కనుక, వెయ్యి పార్‌సెక్‌ల దూరంలోని నక్షత్రాన్ని కూడా రెండు శాతం తేడాతో చెప్పవచ్చు. 20వ పరిమాణపు (సంఖ్య పెరిగే కొద్దీ నక్షత్రం మసకబారే ప్రకాశ కొలమానం ఇది) మసక నక్షత్రాలకు మాత్రం దోషం 0.5 మిల్లీ ఆర్క్‌సెకన్లకు చేరుతుంది. అక్కడ కొన్ని పారలాక్స్‌లు ఋణ సంఖ్యలుగా కూడా కనిపిస్తాయి. అది పట్టికలోని తప్పు కాదు. కొలతలోని అనిశ్చితిని దాచకుండా ఉంచడమే. దోషం గడిని చూడకుండా వెయ్యిని భాగించేవారికి ఈ సేవ ఎంత మంచిదైనా తప్పు దూరాలే దొరుకుతాయి.

మరో చిక్కు ఉంది. అపారమైన దూరంలో ఉన్న క్వేజార్ల (గెలాక్సీల నడుమ ఉండే అతి ప్రకాశవంతమైన కేంద్రాల) పారలాక్స్ సున్నా కావలసి ఉండగా, అది సగటున 0.017 మిల్లీ ఆర్క్‌సెకన్లు తక్కువగా వస్తోందని గయా బృందమే ప్రకటించింది. దగ్గరి నక్షత్రాలకు ఇది లెక్కలోకి రాదు గాని, పది వేల పార్‌సెక్‌ల దూరాన ఉన్నవాటికి ఆరో వంతు తేడా తెస్తుంది. సవరణ సూత్రాన్ని వారే ఇచ్చారు. అయితే దానిని ఎవరికి వారే వర్తింపజేసుకోవాలి.

ఒక్క నక్షత్రాన్ని పేరుతో వెతకడం సులభమే, పెద్ద జాబితాలకు మాత్రం ఏడీక్యూఎల్ అనే ప్రశ్నల భాష నేర్చుకోక తప్పదు. మరీ ప్రకాశవంతమైన నక్షత్రాలు కొన్ని ఈ సంచికలో లేనే లేవు. అభిజిత్తు (వేగా) దూరం కావాలంటే 1989–1993 మధ్య పనిచేసిన, గయాకు ముందటి యూరోపియన్ ఉపగ్రహం హిప్పార్కోస్ పట్టికనే తెరవాలి.