బాల్డర్స్ గేట్ రివ్యూ: మొదటి లెవెల్ గట్టెక్కేదెలా

బాల్డర్స్ గేట్ కొనుక్కుని, తొలి గంటలోనే నాలుగుసార్లు చచ్చి, మళ్లీ ముట్టుకోనివాళ్లు చాలామందే ఉంటారు. పాత గేమ్ కదా, ఇంతేనేమో అనుకుని వదిలేస్తారు. అసలు సంగతి వేరు. ఈ గేమ్ తన కష్టాన్నంతా మొదటి లెవెల్‌లోనే కుమ్మరించింది. అప్పుడు మీ మేజ్‌కి (మంత్రగాడికి) నాలుగే నాలుగు హిట్ పాయింట్లు (ప్రాణబలం), రోజుకి ఒక్కటే స్పెల్ (మంత్రం). ఒక తోడేలు రెండుసార్లు కరిస్తే ప్రాణం పోతుంది. మూడో లెవెల్ దాటాక మాత్రం పార్టీతో (పాత్రల జట్టుతో) ఆడే ఫాంటసీ గేముల్లో దీనికి సాటి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ మొదటి మూడు లెవెళ్ల గురించే.

ముందు ఏది కొనాలో చూద్దాం. బయోవేర్ తయారుచేసిన అసలు గేమ్‌ని 1998 డిసెంబర్‌లో ఇంటర్‌ప్లే ఐదు సీడీల్లో విడుదల చేసింది. ఇప్పుడు కొనాల్సింది 2012లో బీమ్‌డాగ్ తెచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్. స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ కొట్లు రెండింట్లోనూ దొరుకుతుంది, ఫోన్‌లోనూ ఆడొచ్చు. టేల్స్ ఆఫ్ ద స్వోర్డ్ కోస్ట్ విస్తరణ అందులోనే కలిసి ఉంటుంది. ఇప్పటి తెరలకి సరిపోతుంది, జూమ్ ఉంది, ట్యాబ్ నొక్కితే తలుపులూ పెట్టెలూ మెరుస్తాయి. అసలు గేమ్‌లోని వీడియో దృశ్యాల స్థానంలో బొమ్మలు గీసి పెట్టారు. పాతవాటిలో ఉన్న భయం వీటిలో లేదు, అది నిజంగా నష్టమే. తెలుగులో లేదు. మాటల్లో చాలా భాగం ఇంగ్లీషు అక్షరాల్లోనే చదువుకోవాలి, అదీ కొంచెం పాతకాలపు ఇంగ్లీషు. చదవడం ఇష్టం లేనివాళ్లకి ఇది నచ్చదు.

రూల్స్ అన్నీ ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట) రెండో ఎడిషన్‌వి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. థాకో (దెబ్బ తగిలించే సామర్థ్యం), ఏసీ (దెబ్బ నుంచి రక్షణ) అనే రెండు అంకెలూ ఎంత తక్కువైతే అంత మంచిది. మీ థాకోలోంచి శత్రువు ఏసీ తీసేయండి. ఇరవై ముఖాల పాచిక మీద అంతకన్నా తక్కువ పడితే దెబ్బ తప్పినట్టే. మొదటి లెవెల్ ఫైటర్ థాకో 20, చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం) వేసుకున్న బందిపోటు ఏసీ 5 అనుకుందాం. 15 పడాలి. అంటే నూటికి ముప్ఫై సార్లే తగులుతుంది. కత్తి పట్టుకుని పరిగెత్తేవాళ్లు చచ్చేది ఇందుకే.

అదే ఫైటర్‌కి 18 డెక్స్‌టెరిటీ (చురుకుదనం) ఉండి చేతికి లాంగ్‌బో ఇస్తే లెక్క మారిపోతుంది. డెక్స్‌టెరిటీ వల్ల రెండు, విల్లు వల్ల ఒకటి తగ్గి థాకో 17 అవుతుంది. పైగా ఆరు సెకన్ల రౌండ్‌కి రెండు బాణాలు. శత్రువు దగ్గరికి వచ్చేలోపు సగం పని అయిపోతుంది. ఈ గేమ్ మొదటి సగంలో విల్లే రాజు. ఆట మొదలయ్యే క్యాండిల్‌కీప్‌లో విన్‌త్రాప్ సత్రంలోనే ఆయుధాలు అమ్ముతారు. చేతిలో ఉన్న డబ్బు కవచానికి పెట్టకుండా విల్లుకీ బాణాలకీ పెట్టండి. విల్లు పట్టలేని పాత్రకి ఒడిసెల ఇవ్వండి. ఖాళీ చేతులతో వెనక నిలబడే మనిషి ఉండకూడదు.

మొదటిసారి ఆడేవాళ్లు మేజ్‌ని ముఖ్యపాత్రగా ఎంచుకోవద్దు. మిగతావాళ్లు చస్తే గుడిలో బతికించుకోవచ్చు. ముఖ్యపాత్ర చస్తే ఆట అక్కడితో సరి. ఫైటర్ గానీ రేంజర్ గానీ తీసుకుని, డెక్స్‌టెరిటీ 18, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 16కి తగ్గకుండా చూసుకోండి. ఈ గుణాల అంకెల కోసం పాచికలు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, మొత్తం 85 దాటితే చాలు. 95 కోసం గంటలు కూర్చోనక్కర్లేదు. డిఫికల్టీ నార్మల్‌లో పెట్టండి. లెవెల్ పెరిగినప్పుడు హిట్ పాయింట్లు పూర్తిగా వస్తాయి, స్క్రోల్ (మంత్రం రాసిన చుట్ట) నుంచి స్పెల్ నేర్చుకోవడం విఫలం కాదు. అంతకన్నా కష్టమైన కోర్ రూల్స్ రెండోసారికి దాచుకోండి. కథ మాత్రమే కావాలంటే స్టోరీ మోడ్ ఉంది, కానీ అందులో పోరాటానికి అర్థమే ఉండదు.

ఆప్షన్స్‌లో ఆటో పాజ్‌కి వెళ్లి శత్రువు కనిపించినప్పుడు, ట్రాప్ (ఉచ్చు) దొరికినప్పుడు, మనవాడు పడిపోయినప్పుడు ఆగేలా పెట్టుకోండి. మిగతా అంతా స్పేస్ బార్ పని. పాజ్ చేయడం మోసం అనుకునేవాళ్లున్నారు. ఆ బటన్ కోసమే ఈ గేమ్ కట్టారు.

ఇక అసలు పరీక్ష. క్యాండిల్‌కీప్ దాటి ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్ చేరాక, సత్రం మెట్ల దగ్గర టార్నెష్ అనే మేజ్ పలకరిస్తాడు. ఏ జవాబిచ్చినా చంపడానికే వచ్చాడు. మొదట మిర్రర్ ఇమేజ్ వేసుకుంటాడు. తన చుట్టూ నకిలీ రూపాలు లేస్తాయి, మీ బాణాలు వాటికే తగులుతాయి. తర్వాత హారర్ వేస్తే మీ పార్టీ నలుదిక్కులా పారిపోతుంది. అప్పుడిక మ్యాజిక్ మిస్సైల్‌తో ఒక్కొక్కరినీ ఏరేస్తాడు. చాలామంది ఆట ఆగిపోయేది ఇక్కడే.

దారి ఉంది. స్పెల్ చదువుతున్నప్పుడు దెబ్బ తగిలితే ఆ స్పెల్ పోతుంది. కాబట్టి మెట్ల దగ్గరికి రాకముందే సేవ్ చేసి, అందరి చేతుల్లో విల్లూ ఒడిసెలా పెట్టి, విడివిడిగా నిలబెట్టండి. మాటలు ముగిసిన క్షణమే పాజ్ చేసి అందరి గురీ టార్నెష్ మీద పెట్టండి. మొదట్లోనే మీతో చేరే ఇమోయెన్ సంచిలో వాండ్ ఆఫ్ మ్యాజిక్ మిస్సైల్స్ అనే మంత్రదండం ఉంటుంది. అది గురి తప్పదు, వాడేయాల్సింది ఇక్కడే. సత్రం కాపలావాళ్లు కూడా చేయి కలుపుతారు, టార్నెష్‌ని వాళ్ల దగ్గరికి లాక్కెళ్తే ఇంకా తేలిక. లోపల మీ పార్టీలో చేరే ఖాలిద్, జహీరా ఎదురుచూస్తుంటారు.

పార్టీలో ఆరుగురు. ఎవరిని చేర్చుకోవాలన్నది మీ ఇష్టం, కానీ జంటల సంగతి ముందే తెలుసుకోండి. ఖాలిద్-జహీరా, మిన్స్క్-డైనహేర్, జార్-మాంటరాన్ జంటలుగా వస్తారు. ఒకరిని పంపేస్తే రెండోవాళ్లూ వెళ్లిపోతారు. మిన్స్క్‌ని చేర్చుకుని డైనహేర్‌ని విడిపించడానికి ఆలస్యం చేస్తే అతను మీ మీదికే తిరగబడతాడు. పేరు ప్రతిష్ఠ బాగా పెరిగితే చెడ్డ స్వభావం ఉన్నవాళ్లు నిలవరు. పంతం పట్టి అందరినీ కలిపి ఉంచాలని చూడకండి. మేజ్ ఎవరైనా సరే, స్లీప్ స్పెల్ మాత్రం ఉండాలి. మొదటి అధ్యాయాల్లో కోబోల్డుల (పొట్టి రాక్షసుల) గుంపునంతటినీ ఒక్క స్పెల్‌తో పడుకోబెట్టి, పడుకున్నవాళ్లని ఏరుకోవచ్చు. పెద్ద శత్రువుల మీద పనిచేయదు.

ఇనుము కరువు కథలోనే కాదు, మీ చేతిలోనూ ఉంటుంది. మామూలు ఇనుప కత్తి పోరాటం మధ్యలో పుటుక్కున విరిగిపోతుంది. ముందు వరసలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఇంకో ఆయుధం ఉంచండి. మంత్రపు ఆయుధాలు విరగవు. నాష్కెల్ ఊరి పొలంలో ఏసీ 1 ఇచ్చే అంఖెగ్ (పెద్ద పురుగు) పెంకు కవచం దాగి ఉంది. మౌస్‌తో పొలమంతా నెమ్మదిగా వెతకాలి. ఓపిక పట్టండి, గేమ్ మొదట్లో ఇంతకు మించిన కవచం దొరకదు.

నాష్కెల్ గనిలో నాలుగు అంతస్తులు. ఇరుకు దారులు, నిప్పు బాణాల కోబోల్డులు, నేలలో ట్రాపులు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, తొందర. మీ పార్టీలోని దొంగ పాత్ర ట్రాపులు వెతికేది రౌండ్‌కి ఒకసారి. పరుగున వెళ్తే వెతికేలోపే కాలు పడుతుంది. దొంగని ముందు పెట్టి, నాలుగడుగులు వేయించి, ఆరు సెకన్లు ఆపండి. దారి వెతుక్కోవడంలో ఈ గేమ్ పాతికేళ్ల తర్వాత కూడా అధ్వానమే. ఇరుకు చోట ఒకరికొకరు అడ్డుపడి, ఒకడు చుట్టూ తిరిగి శత్రువుల మధ్యకి వెళ్లిపోతాడు. ఆరుగురినీ ఒకేసారి కదిలించకుండా ఇద్దరిద్దర్ని పంపండి. అడుగున ఉన్న ములాహే లొంగిపోతున్నట్టు మాట్లాడితే నమ్మకండి. కోబోల్డులూ అస్థిపంజరాలూ వచ్చి పడతాయి. అతను క్లెరిక్ (స్పెల్స్ వేసే పూజారి), కాబట్టి టార్నెష్‌కి చేసిందే ఇక్కడా చేయండి. పెట్టెలో ఉన్న ఉత్తరాలు తప్పకుండా తీసుకోండి.

లెవెల్ త్వరగా పెరగాలంటే బెరెగోస్ట్ ఊరికి తూర్పున, గుడి దాటాక బసిలిస్క్‌లనే బల్లి లాంటి రాక్షసుల చోటు ఉంది. చూపు తగిలితే రాయి అయిపోతారు. కానీ ప్రొటెక్షన్ ఫ్రమ్ పెట్రిఫికేషన్ అనేది మొదటి లెవెల్ స్పెల్లే. దాన్ని ఒక్కరి మీద వేసి, ఆ ఒక్కరినే ముందుకి పంపి, మిగతా ఐదుగురినీ దూరంగా ఆపండి. పెద్ద బసిలిస్క్‌కి 7000 అనుభవ పాయింట్లు, ఆరుగురు పంచుకున్నా తలా వెయ్యికి పైనే. స్పెల్ గడువు కనిపెడుతూ ఉండండి, అయిపోతే మనిషి రాయి.

డబ్బుకి ఇబ్బంది లేదు. బందిపోట్ల తలచర్మాలకి బెరెగోస్ట్‌లోని జోవియల్ జగ్లర్ సత్రంలో ఆఫీసర్ వై ఒక్కోదానికి 50 బంగారు నాణేలు ఇస్తుంది. బాసిలస్ అనే క్లెరిక్‌ని చంపి పవిత్ర చిహ్నం గుడికి తీసుకెళ్తే 5000. కొట్లో బేరం చేసేటప్పుడు కరిజ్మా (ఆకర్షణ) ఎక్కువున్న పాత్రని జాబితాలో పైకి జరపండి, ధర తగ్గుతుంది.

బాల్డర్స్ గేట్ నగరం చేరేసరికి గేమ్ వేగం తగ్గుతుంది, పనులు మరీ ఎక్కువైపోతాయి. జర్నల్ వాటిని సరిగ్గా పేర్చదు. విస్తరణలోని డర్లాగ్స్ టవర్‌కి ఫైండ్ ట్రాప్స్ (ఉచ్చులు కనిపెట్టే నైపుణ్యం) 100 లేని దొంగతో వెళ్లొద్దు. గేమ్ మొత్తంలో పెరుగుదల 161,000 అనుభవ పాయింట్ల దగ్గర ఆగిపోతుంది. అంటే ఫైటర్ ఎనిమిదో లెవెల్, దొంగ పదో లెవెల్. అక్కడికి చేరాక చిన్నచిన్న పనుల కోసం మ్యాప్ అంతా తిరగనవసరం లేదు, కథ ముగింపుకి వెళ్లిపోండి. ఆఖరి పోరాటం గెలిచాక పడే సేవ్‌ని తీసేయకండి, రెండో భాగంలోకి మీ పాత్రని దాని నుంచే తీసుకెళ్లొచ్చు.