సెల్ఫ్ తిరుగుతోంది, కారు స్టార్ట్ కావట్లేదు: తొయ్యాలా, మెకానిక్‌ని పిలవాలా, షోరూమ్‌కి పంపాలా?

తాళం తిప్పితే సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇలా జరిగినప్పుడు చుట్టుపక్కల వాళ్ళు చెప్పే సలహాలు ఎక్కడైనా ఇంచుమించు ఇవే: "బ్యాటరీ అయ్యుంటుంది, జంప్ ఇవ్వండి", "నలుగురం పట్టి తోసేద్దాం", "మా మెకానిక్‌కి ఫోన్ చేస్తా ఉండండి", "ఎందుకొచ్చిన గొడవ, షోరూమ్ వాళ్ళకే అప్పజెప్పండి". అందరూ సాయం చేద్దామనే చెబుతారు. కానీ ఈ సమస్య విషయంలో మొదటి రెండూ చాలాసార్లు వృథా. మిగిలిన రెండింటిలో ఏది మేలో తేల్చుకోవాలంటే ముందు ఓ పది నిమిషాలు మనమే చూసుకోవాలి.

ముందు తొయ్యడం సంగతి. తోసి స్టార్ట్ చేయడమంటే సెల్ఫ్ మోటార్ చేయాల్సిన పని మనుషుల చేత చేయించడం. సెల్ఫ్ బాగానే తిరుగుతోందంటే ఆ పని ఇప్పటికే జరుగుతోంది. ఇంజిన్ తిరుగుతున్నా మండట్లేదు, అదీ సమస్య. ఎంతమంది తోసినా అందులోకి పెట్రోల్ రాదు, స్పార్క్ రాదు. పైగా మండని పెట్రోల్ ఎగ్జాస్ట్ గొట్టంలోకి పోయి, తీరా ఇంజిన్ అందుకున్నాక అక్కడ మండి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేసే ప్రమాదం ఉంది. దాని ఖరీదు తెలిస్తే ఎవరూ ఇంకోసారి తొయ్యమనరు. ఆటోమేటిక్ గేర్ల బండినైతే తోసి స్టార్ట్ చేయడం అసలు కుదరదు.

జంప్ స్టార్ట్‌కి, అంటే ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుళ్ళతో కరెంట్ ఇవ్వడానికి, మాత్రం ఒక మినహాయింపు ఉంది. సెల్ఫ్ తిరుగుతున్నా నీరసంగా, ఆగి ఆగి తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించాల్సిందే. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ మీటర్‌లో సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కంటే కిందికి పడిపోతుంటే మోటార్ ఎలాగోలా తిరిగినా, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకి, ఇగ్నిషన్‌కి కరెంట్ చాలకపోవచ్చు. అప్పుడు జంప్ ఇవ్వడమే సరైన పని. సెల్ఫ్ ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతుంటే కేబుళ్ళు డిక్కీలోంచి తీయనక్కర్లేదు.

సెల్ఫ్ ఎప్పటికంటే తేలిగ్గా, బరువే లేనట్టు గిర్రున తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంజిన్ వాల్వులని సమయానికి తెరిపించే టైమింగ్ బెల్ట్ గానీ చైన్ గానీ తెగితే ఇలాగే వినిపిస్తుంది. చాలా ఇంజిన్లలో ఆ స్థితిలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఇంకోసారి తాళం తిప్పినా నష్టం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇక ఆ పది నిమిషాల పని. దీనికి పానా కూడా అక్కర్లేదు, చెవులు, కళ్ళు చాలు. పెట్రోల్ కారైతే కిటికీలు మూసి, ఏసీ, మ్యూజిక్ ఆపేసి, ఒకరిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. తాళం స్టార్ట్ దాకా తిప్పకుండా ఆన్ దగ్గర ఆపండి. చాలా కార్లలో వెనక సీటు కిందినుంచి రెండు మూడు సెకన్లు 'జ్‌జ్‌జ్' అని సన్నటి శబ్దం వచ్చి ఆగిపోతుంది. ట్యాంకులోని పెట్రోల్ పంపు లైన్‌లో ప్రెషర్ నింపుకునే శబ్దం అది. రోజూ వచ్చేదే గానీ మనం పట్టించుకోం. అది రాకపోతే పంపుకి కరెంట్ అందట్లేదన్నా కావాలి, పంపే పోయిందన్నా కావాలి. కారు బాగున్న రోజున ఒకసారి విని గుర్తుపెట్టుకుంటే ఈ పరీక్ష చాలా సులువు.

శబ్దం రాలేదని వెంటనే పంపు మార్చెయ్యకూడదు. బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత లోపలి వైపున ఏ ఫ్యూజ్ దేనిదో బొమ్మ వేసి ఉంటుంది. తాళం తీసేసి, పంపు ఫ్యూజ్‌ని బయటికి లాగి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అదే ఆంపియర్ ఉన్న ఫ్యూజ్ వేయాలి, పొరపాటున కూడా పెద్దది వేయకూడదు. ఫ్యూజ్ బాగుంటే రిలే, అంటే పంపుకి కరెంట్ కలిపే చిన్న స్విచ్, చూడాలి. చాలా కార్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకంవి ఉంటాయి. మీద రాసిన నంబర్లు ఒకటే అయితే రెండిటినీ మార్చి పెట్టి చూడొచ్చు. పంపు శబ్దం వచ్చిందంటే దొంగ దొరికినట్టే, కొత్త రిలే కొన్ని వందల రూపాయల పని.

రెండో పరీక్ష మీటర్ బోర్డు మీద. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో అది కొద్దిగా లేచి 200 దగ్గర ఊగుతుంది. సున్నా మీంచి కదలకపోతే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పేది ఆ సెన్సారే. అది చెప్పకపోతే ఈసీయూ స్పార్క్ ఇవ్వదు, పెట్రోల్ చల్లదు. ఈ సెన్సార్‌తో ఇంకో చిక్కుంది. పాడవుతున్నప్పుడు చాలాసార్లు వేడెక్కితే పనిచేయదు, చల్లబడితే మళ్ళీ పనిచేస్తుంది. ఎండలో ఓ గంట నడిపి టీకి ఆపిన బండి స్టార్ట్ కాకపోవడం, అరగంటాగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ కావడం దీని లక్షణం. మెకానిక్ వచ్చేసరికి బండి బాగానే ఉంటుంది కాబట్టి ఈ వివరం ఆయనకు మనమే చెప్పాలి.

మూడోది, తాళం బొమ్మతోనో కారు బొమ్మతోనో వెలిగే ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లైట్. తాళం ఆన్ చేశాక కూడా అది మిణుకుమిణుకుమంటుంటే కారు మీ తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట. ఇంట్లో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించండి. బటన్ స్టార్ట్ కారైతే రిమోట్‌ని బటన్‌కి ఆనించి నొక్కండి. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయినా చాలా మోడళ్ళలో ఇలా పనిచేస్తుంది.

వరసగా సెల్ఫ్ కొట్టడం వల్ల పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే ప్లగ్గులు తడిసిపోయి ఉంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి ఓ పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజిన్లలో ఆ సమయంలో పెట్రోల్ ఆగిపోయి, గాలి మాత్రమే వెళ్ళి ప్లగ్గులు ఆరతాయి. ఏ ప్రయత్నమైనా పది సెకన్లకు మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగితే సెల్ఫ్ మోటార్ కాలదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగైదు రోజులు కదలకుండా ఉన్న కారైతే బానెట్ ఎత్తి ఎలుకల కోసం కూడా చూడండి. వైర్ల మీద పంటి గాట్లు, బ్యాటరీ పక్కన కొరికేసిన స్పాంజి ముక్కలు కనిపిస్తే ఇక స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకండి. అది ఆటో ఎలక్ట్రీషియన్ పని.

ఇంతవరకూ చేసినా తేలకపోతే అసలు ప్రశ్న వస్తుంది: తెలిసిన మెకానిక్కా, షోరూమా?

ఈ సమస్య వరకు నా ఓటు ఇంటికొచ్చే మెకానిక్‌కే, కాకపోతే ఒక షరతు మీద. ఆయన దగ్గర ఈసీయూలోని లోపాల కోడ్లు చదివే స్కానర్, పెట్రోల్ ప్రెషర్ గేజ్ ఉండాలి. అవి లేని మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా చివరికి అంచనా మీదే పార్టులు మారుస్తాడు. మా బంధువుల కారుకి అలాగే జరిగింది. పంపు పోయిందని కొత్తది వేశారు. ఓ వారం బాగానే నడిచి మళ్ళీ అదే కథ. తీరా చూస్తే రిలే లోపల కాంటాక్టు కాలిపోయి, ఒకసారి అందుకుని ఒకసారి వదిలేస్తోంది. పాత పంపుకి ఏ జబ్బూ లేదు. మామూలు పెట్రోల్ ఇంజిన్లలో లైన్ ప్రెషర్ సుమారు 3 నుంచి 4 బార్ దాకా ఉంటుంది. గేజ్ పెట్టి చూస్తే పంపు బాగుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. వేలు పోసి పంపు వేయించే ముందు ఆ పరీక్ష చేయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మనం కొనుక్కునే చిన్న బ్లూటూత్ స్కానర్ కూడా కొంతవరకు పనికొస్తుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి పెట్టి ఫోన్‌లో చూస్తే పీ0335 అని వచ్చిందంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం, పీ0340 అంటే క్యామ్ సెన్సార్ సర్క్యూట్‌లో. సర్క్యూట్ అన్నారు గమనించండి. సెన్సారే పోయిందని కాదు, దాని వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. కోడ్ చూసి పార్ట్ ఆర్డర్ పెట్టేయడం కూడా అంచనా వైద్యమే. కోడ్ ఏదీ లేకపోతే అంతా బాగున్నట్టూ కాదు, పెట్రోల్ ప్రెషర్ తగ్గితే చాలా కార్లు కోడ్ చూపించవు.

షోరూమే మేలనిపించే సందర్భాలు మూడున్నాయి. వారంటీలో ఉన్న కారుని బయట విప్పించొద్దు. ఇమ్మొబిలైజర్, తాళం ప్రోగ్రామింగ్ సమస్యలకు చాలాసార్లు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, బయట చేయించినా తిరిగి తిరిగి అక్కడికే వెళ్తాం. టైమింగ్ బెల్ట్ అనుమానం ఉంటే కూడా టో చేయించడమే నయం. వీటికి తప్ప రిలే కోసమో క్రాంక్ సెన్సార్ కోసమో కారుని ట్రక్కు ఎక్కించి, ఎస్టిమేట్ కోసం రెండు రోజులు ఎదురుచూడడం అనవసరమైన టెన్షన్.

డీజిల్ బండి లెక్క వేరు. స్పార్క్ ప్రసక్తే లేదు. ట్యాంకు ఖాళీ అయ్యాకో, ఫిల్టర్ మార్చాకో స్టార్ట్ కాకపోతే లైన్‌లో గాలి చేరి ఉంటుంది. ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే ప్రైమర్ ఉంటే గట్టిపడే దాకా నొక్కి చూడండి. సీఎన్‌జీ కారులో గ్యాస్ ఉంది కదా అని పెట్రోల్ గురించి మర్చిపోతాం. చాలా మోడళ్ళు ముందు పెట్రోల్ మీద స్టార్ట్ అయ్యాకే గ్యాస్‌కి మారతాయి, కాబట్టి ముందు ట్యాంకులో పెట్రోల్ ఉందో లేదో చూడండి.

వరద నీళ్ళలో మునిగిన కారుకి మాత్రం ఏది మేలన్న చర్చే లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ళ ముందున్న బండ్లు నీళ్ళలోనే ఉండిపోయాయి. అలాంటి కారుకి సెల్ఫ్ కొడితే సిలిండర్‌లో చేరిన నీటికి పిస్టన్లని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. మామూలు పాలసీలో ఈ తరహా ఇంజిన్ నష్టం సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. బ్యాటరీ కేబుల్ తీసి, ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి టో చేయించండి.

జాతీయ రహదారి మీద ఆగిపోతే పది నిమిషాల పరీక్షలు కూడా వద్దు. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు బండికి కాస్త దూరంగా వెనక పెట్టి, అందరూ రోడ్డు అంచు దాటి నిలబడి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. మీ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఆ నంబర్‌కీ చేయండి. ఆటోమేటిక్ బండైతే బండిని పూర్తిగా మీదికెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ట్రక్కే పంపమని ముందే చెప్పండి.