అయిదో దెబ్బా, ఆరో దెబ్బా: సివిలైజేషన్ 4 యుద్ధాల లోపలి లెక్క

2005లో వచ్చిన సివిలైజేషన్ 4 అనే కంప్యూటర్ వ్యూహక్రీడను నేను ఏళ్ల తరబడి ఆడుతున్నాను. దాడికి ముందు గెలిచే అవకాశం ఎంతో శాతాల్లో చూపిస్తుంది కానీ, ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం చెప్పదు. బలం పది శాతం పెరిగితే గెలుపు అవకాశం కూడా ఏ కొద్దిగానో పెరుగుతుందని చాలాకాలం అనుకున్నాను. అది తప్పని, ఆటలోనే పటాన్నీ సైన్యాలనూ మనకు నచ్చినట్టు అమర్చుకునే వరల్డ్ బిల్డర్‌లో పరీక్షించాకే తెలిసింది.

చదునైన గడ్డి నేల మీద ఎదురెదురుగా 2 బలమున్న వారియర్లనే సైనిక యూనిట్ల జతలను పెట్టి, దాడి చేసేవారికి మాత్రమే బలాన్ని పది శాతం పెంచే కంబాట్ 1 ప్రమోషన్ ఇచ్చాను. కదలకుండా మోహరించిన యూనిట్‌కు టర్నుకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా రక్షణ పెరుగుతుంది కాబట్టి, పెట్టిన టర్నులోనే దాడి చేయించాను. తేలిక స్థాయిల్లో బార్బేరియన్ల (ఏ నాగరికతకూ చెందని శత్రువుల) మీద మొదటి కొన్ని పోరాటాలను ఆట మనవైపు మొగ్గేలా చేస్తుంది. అందుకే శత్రువుగా మరో నాగరికతనే ఎంచుకున్నాను. 2.2 బలం, 2 బలం మీద మూడింట రెండు వంతుల పోరాటాల దాకా గెలిచింది. లెక్క కట్టినా దాదాపు 68 శాతమే వస్తుంది.

2006లో విడుదలైన ఆట కోడులో దీనికి కారణం దొరుకుతుంది. ప్రతి యూనిట్‌కూ ప్రాణం 100. ఒక్కో రౌండులో ఎవరి దెబ్బ తగులుతుందన్నది బలాల నిష్పత్తిని బట్టి ఉంటుంది. సమబలులైతే ఒక్కో దెబ్బకు 20 ప్రాణం పోతుంది, అంటే అయిదు దెబ్బలకు చావు. బలం 2.2 అయినప్పుడు అవతలివాడి దెబ్బ 19.07కు తగ్గుతుంది, ఆట దశాంశాన్ని కొట్టేసి 19 చేస్తుంది. అయిదు దెబ్బలు తిన్నా మన వారియర్ 5 ప్రాణంతో నిలబడే ఉంటాడు, వాణ్ని చంపడానికి ఆరో దెబ్బ కావాలి. మన దెబ్బ మాత్రం 20.97 అయినా 20గానే మిగులుతుంది. అంటే మనకు అయిదే చాలు. పది శాతం బలం తెచ్చిన అసలు లాభం ఈ ఒక్క దెబ్బలోనే ఉంది, అందుకే కంబాట్ 1ను తక్కువగా చూసే ఆటగాళ్లతో నేను ఏకీభవించను.

గాయపడిన యూనిట్ సంగతి ఇంకా కఠినం. ప్రాణం తగ్గితే బలమూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది, కొట్టే దెబ్బా చిన్నదవుతుంది, చావడానికి తినవలసిన దెబ్బలూ తగ్గుతాయి.

మీరూ పరీక్షించదలిస్తే, సేవ్‌ను తిరిగి తెరిచి అదే దాడి చేస్తే అదే ఫలితం వస్తుందని గుర్తుంచుకోండి. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే, సేవ్ తెరిచిన ప్రతిసారీ యాదృచ్ఛిక సంఖ్యలను మార్చే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. నేను మొదటి సాయంత్రమంతా అది ఎంచుకోకుండానే లెక్కలు రాసుకుని, ఆ కాగితాలన్నీ పక్కన పడేయవలసి వచ్చింది.